ఇసక దారి పట్టుకుని: నీలాంకరై నుంచి తూపిలిపాలెం దాకా

శుక్రవారం రాత్రి, నీలాంకరై

రిపబ్లిక్ డే సోమవారం పడింది. లాంగ్ వీకెండ్ అంటే చెన్నైలో సగం జనం ఊటీ, కొడైకెనాల్ పోతారు, అక్కడ కొండల కంటే కార్లే ఎక్కువ కనిపిస్తాయి, అందుకని ఈసారి కొండలొద్దురా, సముద్రం ఒడ్డు పట్టుకుని ఉత్తరంగా మనూరి దాకా పోదాం అని మా బావమరిదితో అన్నా. వాడు వేళచ్చేరిలో మా పై పోర్షన్‌లోనే ఉంటాడు. బండి వాడిది, పెట్రోల్ నాది, అదీ ఒప్పందం. ఎన్నూరు, కాట్టుపల్లి, పళవేర్కాడు అంటే మన పులికాట్, అక్కణ్ణించి సూళ్లూరుపేట, టైముంటే వాకాడు అవతల తూపిలిపాలెం. ఈ దారి పొడుగూతా సముద్రానికీ లోపలి ఉప్పునీళ్లకీ మధ్య సన్నటి ఇసక దీవులు వరసగా ఉంటాయి, బారియర్ ఐలాండ్స్ అంటారే అవి. శ్రీహరికోట కూడా అదే బాపతు. రాకెట్ ఎగిరినప్పుడల్లా టీవీలో చూస్తాం గానీ అది మూడు పక్కలా కాదు, చుట్టూ నీళ్లున్న ఇసక దిబ్బ అని చాలామందికి తట్టదు.

మొదలుపెట్టడం మాత్రం దక్షిణం నుంచే పెట్టాం, తాబేళ్ల వాక్ కోసం. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని 1988 నుంచి కాలేజీ పిల్లలు నడుపుతున్న గ్రూపు ఉంది, జనవరి నుంచి సీజనంతా రాత్రుళ్లు నీలాంకరై నుంచి బెసెంట్ నగర్ దాకా ఒడ్డెమ్మట నడుస్తూ ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు వెతుకుతారు. శని ఆదివారాల ముందు రాత్రి మనలాంటోళ్లని కూడా తీసుకుపోతారు. టార్చ్ వెయ్యకూడదు, ఫోన్ తియ్యకూడదు, గోల చెయ్యకూడదు. మా వాడికి మూడోదే కష్టం.

అర్ధరాత్రి దాటాక ఒకచోట జాడ దొరికింది. నీళ్లలోంచి పైకొచ్చిన గీతలు, పక్కనే తిరిగి నీళ్లలోకి పోయిన గీతలు, మధ్యలో ఇసక కలబెట్టినట్టున్న చోటు. తల్లి ఎప్పుడో పోయింది. వాలంటీర్ కుర్రాడు సన్న కర్రతో మెల్లిగా గుచ్చి చూస్తూ ఒకచోట కర్ర సులువుగా దిగేసరికి ఆగిపోయాడు, అక్కణ్ణించి చేత్తోనే తవ్వాడు, మోచెయ్యి దాటి భుజం దాకా లోపలికి పోయింది. పైన సన్నటి మెడ, కింద వెడల్పు, కుండ ఆకారం గుంట, వెనక కాళ్లతో కళ్లు చూడకుండా తవ్వుతుందంట తల్లి. నా చేతిలో ఒక గుడ్డు పెట్టాడు. పెంకు గట్టిగా లేదు, వేలు తగిలితే సొట్ట పడి మళ్లీ లేచింది, తడిగా ఉంది, ఇసక రేణువులు అంటుకుని ఉన్నాయి. గుంటకి వందకి అటూ ఇటూ ఉంటాయి. అన్నీ సంచిలో వేసుకుని, అడుగున ఉన్న తడి ఇసక కూడా కొంచెం వేసుకుని, హేచరీలో అదే లోతుకి మళ్లీ పాతేస్తారు. నెలన్నర పైన పడుతుంది పిల్లలు రావడానికి. ఆడా మగా అనేది ఇసక వేడి తేలుస్తుంది, వేడెక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ.

ఒడ్డునే వదిలేస్తే ఏం అని మా వాడు అడిగాడు. కుక్కలు ఒక కారణం, లైట్లు ఇంకో కారణం. పిల్లలు రాత్రిపూట వెలుతురున్న వైపు నడుస్తాయి, ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రం మీద ఉండేది, ఇప్పుడు ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుంది. ఇంకా దారిలో రెండు చచ్చిన తాబేళ్లు కూడా చూశాం, ఒకదాని మెడ ఉబ్బి ఉంది. 2025 జనవరిలో చెన్నై ఒడ్డుకి వందలకొద్దీ ఇలా కొట్టుకొచ్చాయి. తాబేలు గాలి పీల్చే జీవి, ట్రాలర్ వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. వల నుంచి తప్పించుకునే కిటికీ ఒకటి పెట్టొచ్చు, టెడ్ అంటారు, ఉండీ పెట్టరు. చేపలు కూడా అందులోంచి పోతాయని వాళ్ల భయం.

తెల్లారి నాలుగుకి బెసెంట్ నగర్‌లో కూర్చుని టీ తాగుతుంటే మా వాడు, "బావా, మెరీనా అంత పెద్ద బీచ్ కదా, అక్కడెందుకు వెతకరు వీళ్లు" అన్నాడు. జనం, లైట్లు అన్నా గానీ అసలు మెరీనా కథ వేరే ఉంది, అది తెలిస్తే తర్వాతి రోజు మేం చూసిందంతా అర్థమవుతుంది. మన తూర్పు తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఏటవాలుగా వచ్చి ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి తోస్తాయి, మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికే లాభం. ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసక ఇలా నడిచిపోతుంది. మద్రాస్ హార్బర్ కట్టడం 1876లో మొదలెట్టారు, 1881 నవంబర్ తుపాను దాన్ని బాగా పగలగొట్టింది, మళ్లీ కట్టారు. సముద్రంలోకి ఆ రాతిగోడలు పోయేసరికి నడిచే ఇసక దక్షిణం పక్కన ఆగిపోయి పేరుకుంది, అదే మెరీనా. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు రావాల్సిన ఇసక రాలేదు, ఒడ్డు కోసుకుపోయింది. మనం సుండల్ తింటూ కూర్చునే ఇసక వాళ్ల ఒడ్డుది.

శనివారం, ఎన్నూరు, కాట్టుపల్లి

మధ్యాహ్నం దాకా పడుకుని లేచాం కాబట్టి ఈ రోజు సగం పోయింది. కాసిమేడు దాటాక ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద కుడిపక్క బీచ్ అనేదే లేదు, నల్ల బండరాళ్ల గోడ, దాని మీద అలలు పగులుతున్నాయి. కంటైనర్ లారీల మధ్య బండి నడపడం గురించి రాస్తే అది వేరే పోస్ట్ అవుతుంది.

ఎన్నూరు దగ్గర కొసస్థలయార్ నది సముద్రంలో కలుస్తుంది. కలిసే ముందు అది ఉత్తరం దక్షిణం పరుచుకుని ఉప్పునీటి కయ్యలు అంటే పోటు నీళ్లు లోపలికొచ్చే పాయలు, మడ చెట్లు, బురద మైదానాలు అయిపోతుంది, బకింగ్‌హామ్ కాలవ కూడా అందులోనే కలిసి పోతుంది. ఈ కాలవ మద్రాసు ఊళ్లో భాగం ధాత కరువులో, 1877, 78 లో, కూలికి తవ్వించింది. ఆ నీళ్లకీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసక పట్టీయే కాట్టుపల్లి. పాత మ్యాపుల్లో చూస్తే ఊళ్లు, తోపులు, దిబ్బలు. ఇప్పుడు రెండు పోర్టులు, కరెంటు కేంద్రాలు, ఒక ఉప్పునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు.

వంతెన కింద ఆగాం. పోటు తగ్గి బురద బయటపడింది. నడుం లోతు నీళ్లలో ఇద్దరు ఆడోళ్లు, ఒక పెద్దాయన వంగి చేతులతో బురద తడుముతున్నారు, వల లేదు ఏం లేదు. తాటాకు బుట్ట పళ్లతో కరిచి పట్టుకున్నారు, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి గదా. పెద్దాయన రెండు అరచేతులూ బురద మీద దగ్గరికి జరుపుతా వచ్చి టక్కున మూశాడు, పైకి తీస్తే వేళ్ల సందులోంచి రొయ్య మీసం బయటికొచ్చి ఆడుతోంది, బుట్టలో వేసి మళ్లీ వంగాడు. ఇరుళర్లు, ఇక్కడి ఆదివాసులు. మన నెల్లూరు వైపు యానాదులు కూడా ఇట్టాగే పడతారు, చిన్నప్పుడు కాలవల్లో చూసేవాణ్ణి.

బయటికొచ్చాక మాట్లాడించాం, ఆయన తమిళం, మా తమిళం, సరిపోయింది. బురద మారిపోయింది అన్నాడు. థర్మల్ కేంద్రాల బూడిద పైపులు కారి ఏళ్ల తరబడి ఇందులోకే చేరింది, కాలు పెడితే ఒకచోట మెత్తటి బురద, ఇంకోచోట సిమెంటులా బిర్రుగా ఉంటుంది, గట్టిపడ్డ చోట రొయ్య దాక్కోలేదు. దాని మీద 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వరదకి నూనె కొట్టుకొచ్చి క్రీక్ అంతా పరుచుకుంది, గూడబాతుల రెక్కలు నల్లగా అయిపోయిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు కొత్త బెడద కాక్కా ఆళి. ఆయన ఒడ్డున కాలితో ఒక గడ్డ తిప్పి చూపించాడు, వేలి గోరంత నుంచి బొటనవేలంత దాకా నల్లటి చిప్పలు, వందల్లో, దారాలతో ఒకదాన్నొకటి పట్టుకుని చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. లాగితే మొత్తం గుత్తి వస్తోంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆలిచిప్ప జాతి ఇది, ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లలో పిల్లలుగా ప్రయాణం చేసి ఇక్కడ ఆ నీళ్లు వదిలినప్పుడు దిగిపోతాయి. కేరళ కయ్యల్లో ముందు పట్టుకుంది, తర్వాత ఎన్నూరు, ఇప్పుడు పులికాట్ కూడా. ఇది పరుచుకున్న బురదలో రొయ్య గుంట చేసుకోలేదు, చేత్తో పట్టేవాళ్ల వేళ్లు తెగుతాయి. ఆయన వేళ్లు చూపించాడు గానీ ఫోటో తియ్యబుద్ధి కాలేదు.

అక్కణ్ణించి కాట్టుపల్లి రోడ్డు. ఎడమ పక్క కయ్య, కుడి పక్క పోర్టు గోడ, మధ్యలో దుమ్ము. కామరాజర్ పోర్టు 2001లో మొదలైంది, దాని గోడలు కూడా హార్బర్ గోడలు చేసిన పనే చేశాయి, దక్షిణాన ఇసక, ఉత్తరాన కోత. దాటి పైకి పోతే కాళాంజి, కరుంగాలి వైపు ఒడ్డు ఎంత లోపలికొచ్చిందో తాటిచెట్లు చెప్తాయి, కొన్ని ఇసకలో, కొన్ని నీళ్లలో, కొన్ని వేళ్లు పైకి పెట్టుకుని పడి ఉన్నాయి. ఇక్కడ దీవి సన్నం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కయ్య, రెండూ ఒకేసారి కనపడతాయి. ఊరివాళ్ల భయం ఇళ్ల గురించే కాదు. ఈ పట్టీ ఎక్కడైనా తెగిందంటే వెనకాల ఉన్న నీళ్ల ఉప్పు లెక్క, పోటు లెక్క మొత్తం తారుమారైపోతుంది.

నాకు ఇక్కడ కోపం వచ్చిన విషయం ఒకటే. ఇసక దీవి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, తుపాను వస్తే అలలు దాని నెత్తి మీంచి దూకి ముందున్న ఇసకని వెనక పోస్తాయి, దీవి వెనక్కి జరిగి బతుకుతుంది, వేల ఏళ్లుగా అదే దాని పద్ధతి. దాని మీద కాంక్రీటు పోసి, కదలకుండా కట్టేసి, పైగా దానికి ఇసక అందకుండా దక్షిణాన గోడ కట్టి, తర్వాత కోతకి గురవుతోందని బండరాళ్లకి టెండర్ పిలుస్తాం.

అన్నట్టు ఆ శుద్ధి ప్లాంటు గురించి. మింజూరు ప్లాంటు అంటారు గానీ ఉన్నది కాట్టుపల్లిలో, 2010లో మొదలైంది, రోజుకి 10 కోట్ల లీటర్లు. మింజూరు చుట్టూ పొలాల్లో బోర్లు వేసి చెన్నైకి నీళ్లు తోడారు దశాబ్దాల పాటు, మంచినీళ్లు తగ్గేకొద్దీ భూమి లోపలినుంచి సముద్రం కిలోమీటర్ల కొద్దీ జరిగొచ్చింది, బావులు ఉప్పబడ్డాయి. సముద్రాన్ని భూమిలోకి పిలుచుకున్నాక మళ్లీ సముద్రం దగ్గరే నీళ్లు కొనుక్కుంటున్నాం.

రాత్రి పొన్నేరిలో లాడ్జి. దోమలు.

ఆదివారం, పళవేర్కాడు

పొద్దున్నే ఆరింటికి పులికాట్ బజార్లో ఉన్నాం. చేపల వేలం మొదలైపోయింది, కొరమీను సైజు మడవలు, కట్టేసిన బురద పీతలు, మా వైపు ఎండ్రకాయలంటామే అవి, రొయ్యల గంపలు. టైగర్ రొయ్య ఒక్కోటి చెయ్యి పొడుగు. మా వాడు రేటడిగి నోరు మూసుకున్నాడు.

డచ్చివాళ్ల సమాధులు ఎలాగూ దారిలోనే ఉన్నాయి, గేటుకి రెండు పక్కలా రాతి అస్థిపంజరాలు చెక్కారు, చూసి వచ్చేశాం. 1613లో గెల్డ్రియా కోట కట్టి ఇక్కణ్ణించే కోరమాండల్ వ్యాపారం నడిపారు, ఇప్పుడు కోట స్థానంలో తుప్పలు. వాళ్లు ఇక్కడే ఎందుకు దిగారంటే జవాబు ఆ ఇసక దీవే, దాని వెనక నీళ్లలో చిన్న పడవలు తుపానుకి భయపడక్కర్లేదు.

టూరిస్టుల బోట్ షికారు లేదు. 2011 క్రిస్మస్ రోజున పడవ బోల్తా పడి 22 మంది పోయారు, అప్పట్నించీ నిషేధం. ఎవరైనా రహస్యంగా ఎక్కించుకుంటామంటే ఎక్కకండి. మేం వంతెన దాటి లైట్‌హౌస్ కుప్పం వైపు బండి మీదే పోయాం, తర్వాత నడక.

ఈ నడకే ఈ టూరు మొత్తానికీ అసలు సరుకు నాకు. లోపలి పక్క నుంచి సముద్రం పక్కకి అడ్డంగా నడిస్తే పావుగంటలో నాలుగు రకాల ప్రపంచాలు దాటతాం. ముందు కయ్య ఒడ్డు, బురద, అందులో ఒక చెయ్యి పెద్దది ఒక చెయ్యి చిన్నది ఉన్న ఎర్ర పీతలు, మనిషి నీడ పడగానే అన్నీ ఒక్కసారి మాయం. నీళ్లలో అడుగున సన్నటి ఆకుల సముద్రపు గడ్డి, ఇది నాచు కాదు, పూలు పూసే మొక్కే, రొయ్య పిల్లలు దీని సందుల్లోనే పెరుగుతాయి. తర్వాత సరుగుడు తోపు, ఫారెస్ట్ వాళ్లు వేసింది. సునామీ తర్వాత తీరమంతా సరుగుడు వేశారు, గాలి ఆగుతుంది నిజమే గానీ కింద చూస్తే ఆకుల మేట తప్ప ఇంకో మొక్క లేదు, తాబేలు గుడ్లు పెట్టే చోటు దాకా వేళ్లు వచ్చేసిన చోట్లు కూడా ఉన్నాయి. నాకైతే ఇది నచ్చదు, దిబ్బకి దాని సొంత మొక్కలున్నాయి.

ఆ సొంత మొక్కలే తోపు దాటాక కనిపిస్తాయి. మేక గిట్ట ఆకారం ఆకులు, ఊదారంగు పూలు ఉన్న తీగ, తమిళంలో అడంబు, ఇసక మీద బారలు బారలు పాకుతుంది. దాని పక్కన రావణాసురుడి మీసాలు, ముళ్లగడ్డి. కూర్చుని చాలాసేపు చూశా. గాలికి ఇసక నేల మీద సన్నగా పాకుతూ వస్తుంది, గడ్డి దుబ్బు తగలగానే వేగం తగ్గి దాని వెనక రాలిపోతుంది, వెనక చిన్న తోక ఏర్పడుతుంది. గడ్డి పూడిపోతుంది కదా అనుకుంటాం, పూడేకొద్దీ కణుపు దగ్గర కొత్త వేరు వేసి పైకి లేస్తుంది. అది లేచేకొద్దీ దిబ్బ లేస్తుంది. గింజల గుత్తి ముళ్ల బంతిలా ఊడి గాలికి ఒడ్డెమ్మట దొర్లుకుంటూ పోతోంది, దొర్లుతూ దొర్లుతూ గింజలు రాల్చుకుంటుంది, మా వాడు దాని వెనక పరిగెత్తి పట్టుకోబోయి చెయ్యి గుచ్చుకున్నాడు. తుపాను అలకి మొదటి దెబ్బ తినేది ఈ దిబ్బే, అందులో ఇసక సముద్రంలోకి పోయి ఇసక తిన్నెగా మారి తర్వాతి అలల జోరు తగ్గిస్తుంది, ఎండాకాలం మళ్లీ మెల్లగా ఒడ్డుకొస్తుంది. జనం దిబ్బ చదును చేసి రిసార్ట్ కడతారు, వ్యూ అడ్డమని.

సముద్రం అంచున అల వెనక్కి పోగానే తడి ఇసకలోంచి చిటికెన వేలి గోరంత చిప్పలు పదులకొద్దీ బయటపడతాయి, ఒక్కోటి తెల్లటి కాలు బయటికి చాపి కిందకి పొడిచి, శరీరాన్ని లాక్కుని, మూడు ఊపుల్లో లోపలికి దిగిపోతుంది, ఇంకో అల వచ్చేలోపు ఒక్కటీ కనపడదు. ఉల్లంకి పిట్టలు ఆ రెండు అలల మధ్య టైములోనే పొడుచుకుని తింటాయి, అల వస్తే వెనక్కి, పోతే ముందుకి.

మొగ దగ్గరికి చేరేసరికి పదిన్నర. మొగ అంటే సరస్సు సముద్రంలో కలిసే చోటు. నీళ్లు లోపలికి తోసుకుపోతున్నాయి, పోటు టైము, రంగు తేడా స్పష్టంగా ఉంది, పచ్చగా వచ్చే సముద్రం, గోధుమరంగు సరస్సు. మధ్యలో గీత. ఒకాయన వల బాగుచేసుకుంటా కూర్చున్నాడు, నెల్లూరు వైపు చుట్టరికం ఉందంట, తెలుగు మాట్లాడతాడు. "ఇప్పుడు బాగుందన్నా, వానల్లో ఆరణి నీళ్లొచ్చి తెరుచుకునింది. ఏప్రిల్, మే కి రా, ఇక్కడే నడిచి అవతలికి పోవచ్చు" అన్నాడు. వరద తగ్గాక లోపలినుంచి తోసే నీళ్లుండవు, ఒడ్డెమ్మట నడిచొచ్చే ఇసక మొగకి అడ్డం పడిపోతుంది.

పడితే ఏంటి అంటే, పులికాట్ బతుకంతా ఆ సందులోనే ఉంది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది, చాలాచోట్ల నడుం లోతే. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, కంటికి ఆనని పిల్లలు పోటుతో మొగలోంచి లోపలికొచ్చి గడ్డిలో, బురదలో కొన్ని నెలలు పెరిగి, పెద్దయ్యాక మళ్లీ మొగలోంచే సముద్రానికి పోతాయి. మడవలు, బురద పీతలు కూడా ఇంచుమించు ఇదే దారి. మొగ మూసుకుంటే పిల్లలు రావు. ఎండకి నీళ్లు ఆవిరై ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది, ఉత్తరం పక్క ఎండిపోయి ఉప్పు పేరుకుంటుంది. ఉప్పు తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే, ఈ రెండిటి మధ్య ఊగుతూ ఉండటమే దానికి ఆరోగ్యం.

ఇక్కడి జాలర్లకి పాడు అని ఒక పద్ధతి ఉంది. మొగ దగ్గర రొయ్యల దారుల్లో ఎవరు ఎప్పుడు వల కట్టాలో ఊళ్ల మధ్య వంతులు, చీట్లు వేసి పంచుకుంటారు. తరతరాల పద్ధతి. మంచి చోటు ఒకడికే దక్కకూడదని. వంతు లేని కులాల వాళ్లకి, ఇరుళర్లకి అందులో చోటు లేదు అనే మాట కూడా ఉంది, అది కూడా నిజమే, పాత పద్ధతులన్నీ బంగారం కాదు.

మధ్యాహ్నం రొయ్యల వేపుడు, అన్నం తిని, తడ మీదుగా హైవే ఎక్కి సాయంత్రానికి సూళ్లూరుపేట. మా చిన్నాన్న ఇంట్లో చేపల పులుసు రెడీగా ఉంది. చిన్నమ్మ, "ఏందబ్బయ్యా, బీచ్‌లు చూడ్డానికి బీచ్ ఉండే ఊర్నించి వచ్చినారా" అని ఒకటే నవ్వు.

సోమవారం, అటకానితిప్ప, తూపిలిపాలెం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. అటకానితిప్ప దగ్గర ఆపి చిన్నాన్న బైనాక్యులర్ తీశాడు, షార్ అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో కాంట్రాక్టు పని చేసి రిటైరైన మనిషి, ఈ రోడ్డు మీద ముప్పై ఏళ్లు తిరిగాడు.

ఫ్లెమింగోలు దగ్గర్లోనే ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని చూశా. మెడ కిందికి వంచి తల తలకిందులు చేసి పెట్టింది, పై ముక్కు కింద, కింది ముక్కు పైన. కాళ్లతో ఒకేచోట అడుగులు వేస్తూ గుండ్రంగా తిరుగుతోంది, బురద లేస్తోంది. నాలుక పంపులా ఆడించి నీళ్లు లోపలికి లాగి ముక్కు అంచుల్లో ఉన్న జల్లెడలోంచి బయటికి తోస్తుంది, చిన్న చిన్న పురుగులు, రొయ్య పిల్లలు, నాచు లోపల ఆగిపోతాయి. రెక్కల గులాబీ రంగు కూడా ఆ తిండిదే, గుంపులో బూడిదరంగువి ఉన్నాయే అవి పిల్లలు, ఇంకా రంగెక్కలేదు. సైబీరియా నుంచి వస్తాయని ఫ్లెమింగో ఫెస్టివల్ బ్యానర్ల మీద కూడా రాస్తుంటారు గానీ, మన దేశంలో పెద్ద ఫ్లెమింగోలు గూళ్లు పెట్టే ముఖ్యమైన చోటు గుజరాత్ కచ్ రణ్. ఇక్కడికొచ్చేది తిండికే. అందుకే లోతు ముఖ్యం, దాని కాళ్లకి అందేంత లోతే ఉండాలి.

ఈ రోడ్డు కూడా ఒక గోడే అని చిన్నాన్న అన్నాడు. కింద తూములున్నాయి గానీ నీళ్లు ఆడాల్సినంత ఆడవని జాలర్ల బాధ.

పాస్ లేదు కాబట్టి షార్ గేటు లోపలికి పోలేం. రాకెట్ చూడాలంటే 2019లో తెరిచిన గ్యాలరీకి ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకోవాలి, అది వేరే సంగతి. లోపల అడవి గురించి చిన్నాన్న చెప్తుంటే వినడమే. ఇసక మీద ఏడాదంతా పచ్చగా ఉండే అడవి, పాల చెట్లు, నేరేళ్లు, పేము పొదలు, దేవాంగ పిల్లులు, వదిలేసిన పశువులు అడవివైపోయి తిరుగుతుంటాయి. ఒకప్పుడు ఇక్కణ్ణించి వంటచెరుకు పడవల్లో బకింగ్‌హామ్ కాలవ మీద మద్రాసుకి పోయేది. 1969లో ఈ చోటు ఎంచారు, 1971 అక్టోబర్లో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఫెన్సింగ్ వేశాక చెట్టు కొట్టేవాడు లేడు, రిసార్ట్ కట్టేవాడు లేడు, అందుకే ఈ తీరం మొత్తంలో కాస్త అసలు రూపంలో మిగిలిన దీవి ఇదే అని నా అభిప్రాయం. కానీ ఆ అడవిలో తేనె, దుంపలు, వేర్లు ఏరుకుని బతికిన యానాదుల ఊళ్లు కూడా ఆ కంచె వల్లే లేచిపోయాయి. అడవి మిగలడానికి వాళ్లు అడ్డమా? అంతకు ముందు దాన్ని వాళ్లే గదా వాడుకున్నారు, పోలేదే.

నేలపట్టు పక్షుల అభయారణ్యంలో ఒక్క గంట. కడప అనే చెట్ల నిండా గూడబాతుల గూళ్లు, రెట్టలతో కొమ్మలు తెల్లగా, కంపు. గూళ్లు ఇక్కడ, వేట పులికాట్‌లో, పిల్లల గొంతులోకి పోయే చేప అక్కడిదే.

తూపిలిపాలెం చేరేసరికి మూడు దాటింది. ఇక్కడ నేను చూడాలనుకున్నది దొరువు. ఒకాయన వేరుశనక్కి నీళ్లు పోస్తున్నాడు, సముద్రం హోరు వినపడేంత దగ్గర, ఇసకలో నిలువెత్తు కూడా లేని గుంట, అడుగున నీళ్లు. చేత్తో తీసి నోట్లో పోసుకున్నా, తియ్యగా ఉన్నాయి. వాననీళ్లు ఇసకలోంచి దిగి కింద ఉన్న ఉప్పునీళ్ల మీద పాలమీద మీగడలా తేలుతూ ఉంటాయి, ఉప్పునీళ్లు బరువు గనక కింద ఉంటాయి. మీగడ మందం దిబ్బలో మంచినీళ్లు సముద్రమట్టం కంటే ఎంత ఎత్తున ఉన్నాయనే దాని మీద ఆధారపడుతుంది, దిబ్బ తగ్గితే అదీ తగ్గుతుంది. ఆయన బిందెలతో తోడి చల్లుతున్నాడు, మోటార్ పెట్టలేదు. "మోటార్ పెడితే మూడోరోజుకి ఉప్పొచ్చేస్తది సామీ" అన్నాడు. పక్క చేలో ఒకరు పెట్టారంట, వచ్చేసిందంట. మింజూరు కథే, గుంట సైజులో.

రాయదొరువు మొగ అని పులికాట్‌కి ఉత్తరాన ఇంకో మొగ ఉంది, ఇసకతో పూడిపోయింది, దాని సంగతి దారంతా చిన్నాన్నకీ నాకూ వాదన. తవ్వి తెరిచి పెట్టాలి, అంతే, అంటాడాయన. తవ్వితే ఆ ఇసక ఏడాదిలో మళ్లీ వచ్చి పడుతుంది, పడకుండా ఉండాలంటే రెండు పక్కలా రాతిగోడలు కట్టాలి, గోడ కడితే ఉత్తరాన కోత, కాట్టుపల్లిలో చూసొచ్చాం గదా అన్నా. తవ్విన ఇసకని గోడ దాటించి ఉత్తరం పక్కన పొయ్యాలి, ఏటా పొయ్యాలి, ఆ ఖర్చు కూడా మొదట్నించీ లెక్కలో పెట్టాలి. "ఏటా ఎవురు పోస్తారబ్బయ్యా, కట్టింది ప్రారంభోత్సవం చేసి పోతారు. లోపల చేప లేక పిల్లోళ్లు చెన్నైకి సెక్యూరిటీ గార్డు పనికి పోతా ఉండారు, నువ్వు ఇసక గురించి చెప్తావేంది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, అయినా గోడ ఒక్కటే కట్టడం తప్పనే నా మాట, ఆయన మాట ఆయనది. మా బావమరిది మధ్యలో నిద్రపోయాడు.

వెళ్లాలనుకునేవాళ్లకి: ఫ్లెమింగోలకి జనవరి, ఫిబ్రవరి మంచిది, పొద్దున ఎనిమిది లోపు, సూర్యుడు వెనక ఉండేలా నిలబడండి. బండి లేకపోతే చెన్నై సెంట్రల్ నుంచి సూళ్లూరుపేటకి లోకల్ రైళ్లున్నాయి, అక్కడ ఆటో మాట్లాడుకోవచ్చు. పులికాట్‌కి పొన్నేరిలో దిగి బస్సు. దిబ్బల మీద బండి ఎక్కించకండి, గడ్డి చచ్చిపోతుంది, ఇసకలో దిగబడితే లాగేవాళ్లూ దొరకరు. తూపిలిపాలెంలో టీ కొట్టు తప్ప పెద్దగా ఏం ఉండదు, అన్నం వాకాడులోనో కోట ఊళ్లోనో తినేసి పొండి.